దూలాల బడిలో ఉన్నవాళ్ళు

18 జనవరి 1982, సోమవారం

ఈ నోటుబుక్కు చెల్లెలు షహజాది తెచ్చిచ్చింది. "నోటితో ఎలాగూ మాట్లాడవు ఆపా, కాగితం మీదైనా మాట్లాడు" అంది. ఉర్దూలో రాస్తే తమ్ముడు బాషా చదివేస్తాడు. తెలుగులో సినిమా పోస్టర్లు తప్ప ఇంకేదీ చదివే ఓపిక వాడికి లేదు. అందుకని తెలుగు.

పొద్దున నమాజ్ అయ్యాక బాషా టీ తాగుతూ చెప్పాడు. బడి పడగొట్టేస్తాడట. దూలాలు ఆనందపురం గవర్రాజు కొంటాడు. స్థలంలో మూడంతస్తుల లాడ్జి లేస్తుంది. స్టీలు ప్లాంటు పనులకి ఎక్కడెక్కడి కాంట్రాక్టర్లో దిగుతున్నారు, పడుకోవడానికి గదులు లేవు.

"పిల్లలు?" అన్నాను.

"ఇరవయ్యేడుగురు ఆపా. పెద్ద బళ్ళో కలిపేస్తారు."

పెద్ద బడికి పోర్టు రోడ్డు దాటాలి. రోడ్డు నిండా లారీలు. మన పిల్లల్లో సగం మందికి ఏడేళ్ళు కూడా లేవు.

"అబ్బా పోయేముందు ఏమన్నారు?"

"పిల్లలు వస్తన్నన్నాళ్ళూ తలుపు మూయద్దన్నారు. తెలుసు. నువ్వనకపోయినా నీ మొహం రోజూ అదే అంటాది. నాకూ ముగ్గురు కొడుకులున్నారు ఆపా. తాళ్ళూ టార్పాలిన్లూ అమ్ముకుంటూ ఎన్నాళ్ళు బతకమంటావు?"

బడి దస్తావేజు అబ్బా వాడి పేరున రాశారు. మాట నాకు అప్పజెప్పారు. కోర్టులో మాట చెల్లదని షహజాది చెప్పింది.

19 జనవరి

అల్లా మీద భారం వేశాను. నా వంతు ఏమిటా అని కూడా ఆలోచిస్తున్నాను.

21 జనవరి, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రతి గురువారం సాయంత్రం, అసర్ నమాజ్ చదివాక, పిల్లలు వెళ్ళిపోయిన బళ్ళో సాంబ్రాణి వేస్తాను. అబ్బా వేసేవారు. ఆయన పోయాక నేను. ఖాళీ ఇంట్లో అడుగుపెట్టినా సలాం చెప్పాలి, అదీ ఆయన నేర్పిందే. ఖాళీ అనుకున్నచోట ఫరిష్తాలు, దేవదూతలు ఉంటారని మా నమ్మకం.

నిప్పుల పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి గుమ్మం దగ్గర బాషా, గవర్రాజు ఉన్నారు. గవర్రాజు చేతిలో టేపు. పొట్ట ముందు, మనిషి వెనక.

"బావా, ఇది అసలుసిసలు రంగం టేకు. ఇప్పుడు బూతద్దమెట్టి ఎతికినా దొరకదు" అంటున్నాడు.

నేను గడప దాటి, ఖాళీ గదికి సలాం చెప్పాను. ఎప్పుడూ చెప్పేటట్టే. కొంచెం వంగి చెప్పానేమో.

గవర్రాజు అటూ ఇటూ చూశాడు. "ఎవులికమ్మా సలాం?"

"లోపల ఉన్నవాళ్ళకి."

"లోపల ఎవులున్నారు? బల్లలున్నాయి."

నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం నాకు అలవాటే. సాంబ్రాణి పొగ మూలమూలకీ పట్టాను. ప్రతి మూలా ఆగాను.

బాషా దుకాణానికి ఎవరో వచ్చారని వెళ్ళిపోయాడు. గవర్రాజు నిచ్చెనెక్కి దూలం కొలుస్తున్నాడు. సాయంత్రం సముద్రపు గాలి మళ్ళే వేళకి ఆ దూలాలు మూలుగుతాయి. అరవయ్యేళ్ళ నుంచి వింటున్నాం. గవర్రాజు ఇవాళే విన్నాడు.

"అమ్మా, ఏటది?"

"మెల్లగా బాబూ. కదిపితే ఒప్పుకోదు."

నేనన్నది పైన పెంకు సంగతి. ఒక్కటి కదిపితే పది జారుతాయి.

"ఏటి ఒప్పుకోదు?"

అప్పటికే నా నోట్లో దువా ఉంది. మధ్యలో ఆపకూడదు. కళ్ళు మూసుకుని పూర్తిచేశాను. తెరిచేసరికి టేపు ఉంది, నిచ్చెన ఉంది, గవర్రాజు లేడు. ఒక చెప్పు కూడా ఉంది.

నేను ఒక్క అబద్ధం ఆడలేదు. రెండుసార్లు గుర్తుచేసుకుని చూశాను. లేదు.

22 జనవరి

ఆ చెప్పు కడిగి గవర్రాజుకి పంపించాను. కడగడం దేనికని షహజాది అడిగింది. శుభ్రంగా ఉంటుందని.

24 జనవరి, ఆదివారం

రాత పెరుగుతోంది. బడి పుట్టుక కూడా ఒకచోట రాసి ఉంచాలనిపించింది. ఆ సంగతులు తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. షహజాదికి తెలుసు గానీ తను లేనివి కలుపుతుంది.

దాదా, అంటే అబ్బా వాళ్ళ నాన్న, బర్మా వెళ్ళి రంగంలో తాళ్ళ వ్యాపారం చేసి 1911లో తిరిగొచ్చారు. ఓడలో మనుషుల కింద పద్నాలుగు టేకు దూలాలు వచ్చాయి. తెరచాపలూ తాళ్ళూ దాచుకోవడానికి గొడౌను కట్టారు. దాదాకి చదువు లేదు. ఒకనాడు రంగం నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టాఫీసు దగ్గర అర్జీలు రాసేవాడి చేత చదివించుకున్నారు. వాడు గట్టిగా చదివాడు. రంగంలో దాదాకి ఇంకో భార్య ఉన్న సంగతి వీధంతా విని, ఆ తర్వాత దాదీకి తెలిసింది. దాదీ రాద్ధాంతం చెయ్యలేదట. "మన ఇంట్లో ఇక మీదట ఎవరి ఉత్తరం వాళ్ళే చదువుకోవాలి" అన్నదట. మరుసటి నెల గొడౌనులో తాళ్ళు బయటికి, పలకలు లోపలికి. 1921. మా పిల్లలతో పాటు జాలరి పేట పిల్లల్నీ కూర్చోబెట్టారు. పొద్దున ఉర్దూ, మధ్యాహ్నం తెలుగు. అబ్బా మాస్టారు.

నలభై రెండులో జపాను వాళ్ళు ఊరి మీద బాంబులేశారు. ఊరు ఖాళీ అయింది. అబ్బా బడికి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుని ఆనందపురం దాకా నడిచారు. కిటికీలు వెయ్యడం మరిచిపోయారు. నాలుగు నెలల తర్వాత వచ్చి చూస్తే లోపల మేకలు. పది మేకలు వెళ్ళగొడితే పదకొండు బయటికొచ్చాయని అబ్బా చెప్పేవారు. లోపల ఒకటి ఈనింది.

నేను అక్కడే చదువుకున్నాను. ఆరో తరగతి లేదు కాబట్టి ఐదు రెండుసార్లు చదివాను.

27 జనవరి

చేపల అప్పాయమ్మ గంప దించుతూనే మొదలెట్టింది. జాలరి పేట నుంచి ముప్పయ్యేళ్ళుగా మా గుమ్మానికి వస్తోంది. తను చెప్పిన కబురు రేడియో కంటే ముందు చేరుతుంది.

"బీబమ్మా, బళ్ళో సైతానుందట గదా? గవర్రాజుని నిచ్చెన మీంచి తోసేసిందట గదా?"

"ఎవరన్నారు?"

"ఎవులంటారు, ఊరంతా అంటంది. పగిటేళే ఉంటాదట. నువ్వు గురువారం గురువారం దానికి పొగేసి బుజ్జగిత్తన్నావట. నిజమేనేటి?"

"సాంబ్రాణి వేస్తాను."

"ఓలమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకుంది. నాలుగు చేపలు ఎక్కువ వేసి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

రెండు చేపలు షహజాదికి పంపాను.

30 జనవరి

గవర్రాజు దూలాలు వద్దన్నాడు. కంచరపాలెం నుంచి ఇంకొకాయన వచ్చి, వీధి మొదట్లో సోడా తాగి, అక్కడ ఏం విన్నాడో వెనక్కి వెళ్ళిపోయాడు.

బాషా అన్నం తినలేదు. వాడి మొహం చూస్తే జాలేసింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ దాకా ఉంది ఆ జాలి.

3 ఫిబ్రవరి, బుధవారం

అబ్బా తర్వాత సర్కారు మా బడికి వేసిన సూర్యకాంతమ్మ టీచరు ఇంటికి వచ్చింది. సీతమ్మధార నుంచి రెండు బస్సులు మారి వస్తుంది పాపం. ఎప్పుడూ గుమ్మంలోనే మాట్లాడి వెళ్ళిపోయేది ఇవాళ కూర్చుంది.

"ఆమినాబీ గారూ, ఇవాళ తొమ్మిదిమంది."

"మిగతావాళ్ళకి జ్వరాలా?"

"భయాలండీ. తల్లులు పంపడం లేదు. ఇరవై రెండో తారీకు ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. తలలు లెక్కపెడతారు. ఇరవైకి తగ్గితే బడి ఎత్తేసి పెద్ద బళ్ళో కలిపేస్తారు."

లోపల బాషా రేడియో కట్టేశాడు. ఆవిడ వెళ్ళాక వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వుమొహం.

"పిల్లలు రాకపోతే అబ్బా మాట తీరినట్టే గదా ఆపా?"

నేను టీచరు కూర్చున్న కుర్చీ గోడకి జరిపాను.

"గవర్రాజు పోతే పోయాడు. దువ్వాడ అవతల నుంచి ఎవడో ఒకడొస్తాడు. ఆడికి ఈ కబుర్లు తెలీవు."

నాకు టీ ఇమ్మని భార్యకి చెప్పి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

దూలాలు కాపాడుకోబోయి పిల్లల్ని పోగొట్టాను. ఈ వాక్యం రాసి అరగంటైంది. ఇంకో విధంగా రాద్దామని చూశాను. కుదరలేదు.

4 ఫిబ్రవరి

తౌబా చేశాను. తౌబా అంటే పశ్చాత్తాపం ఒక్కటే చాలదు, చెడగొట్టినదాన్ని బాగుచెయ్యాలి. శనివారం ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్తాను.

6 ఫిబ్రవరి, శనివారం

పొద్దున ఎనిమిదికి బయల్దేరాను. మా వీధిలో పదకొండు ఇళ్ళు, జాలరి పేటలో పదిహేను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి చెప్పాను. బళ్ళో ఏమీ లేదు. సలాం మా ఆచారం. మూలిగేది టేకు. గవర్రాజు తనంతట తనే దిగాడు. అతను పొరబడ్డాడని తెలిసీ నేను ఊరుకున్నాను, తప్పు నాది. పిల్లల్ని పంపండి.

జన్నత్ బీ వాళ్ళింట్లో మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది, వాళ్ళత్తగారికి వినపడదు. అప్పాయమ్మ ఇంటి దగ్గరికి వెళ్ళేసరికి గొంతు పోయింది. అయినా చెప్పాను. అప్పాయమ్మ నోరు తెరుచుకుని వింది. మధ్యలో ఒక్క మాట అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నా జన్మలో ఒక్క రోజున ఇన్ని మాటలు మాట్లాడలేదు.

7 ఫిబ్రవరి

అదే వచ్చిన చిక్కు.

అప్పాయమ్మ తెల్లారకుండానే నిమ్మకాయలతో, వేపమండతో వచ్చింది. ముప్పయ్యేళ్ళుగా నా నోట పది మాటలు వినలేదట. నిన్న గంటసేపు గలగలా మాట్లాడానట. అది నేను కాదట.

"నీలో దూరిందమ్మా అది! నాను లేను, నాను లేను అని అదే సెప్పించుకుంటంది. దొంగ నాను దొంగనంటాదేటి?"

"అప్పాయమ్మా, నేనే."

"అదిగో! అలాగే అంటాది!"

వేపమండతో మూడుసార్లు దులిపింది. ఊరుకున్నాను. ఊరుకుంటే "దిగింది, దిగింది" అని సంతోషించింది.

బాషా కూడా వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఆపా, ఒంట్లో బాగుందా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" నిజంగా కంగారుపడ్డాడు. చిన్నప్పుడు పిడుగు పడితే నా కొంగులో దూరేవాడు. అదే మొహం.

8 ఫిబ్రవరి

ఇవాళ ఐదుగురు. అందులో ఇద్దరు కవలలు, వాళ్ళమ్మకి వాళ్ళు ఇంట్లో ఉండటం కంటే సైతానే నయం.

9 ఫిబ్రవరి

షహజాది వచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది. అరగంట నవ్వింది. తర్వాత పనికొచ్చే మాట ఒకటి అంది.

"నువ్వు మాట్లాడితే ఎవులూ నమ్మరు ఆపా. మాట్లాడకు. అబ్బా రాసింది సదువు."

అబ్బా చేర్పుల రిజిస్టరు నా పెట్టెలో ఉంది. 1921 నుంచి ఆయన పోయేదాకా ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పక్కన గుణం అని ఒక గడి. సర్కారు రిజిస్టర్లలో ఆ గడి ఉండదు. అబ్బా సొంతంగా గీసుకున్నారు.

11 ఫిబ్రవరి, గురువారం

బడి ముందు అరుగు మీద తల్లుల్ని కూర్చోబెట్టాం. లోపలికి రమ్మంటే ఎవరూ రాలేదు. అరుగు దాకా వచ్చింది కూడా షహజాది జిలేబీలు పంచుతుందని. ముందు వరసలో అప్పాయమ్మ, మనవరాలిని ఒళ్ళో బిగించి పట్టుకుని.

నేను గుమ్మంలో నిలబడి రిజిస్టరు విప్పాను. ముందుమాట చెప్పలేదు.

"ఎల్లారావు. తండ్రి, పడవ సరంగు నూకయ్య. గుణం: లెక్కల్లో చురుకు. సంచిలో పీత తెచ్చి మాస్టారి కుర్చీ మీద వదిలాడు. ఒప్పుకోలేదు. పీత ఒప్పుకుంది, వాడి వెనకే నడిచింది."

అప్పాయమ్మ లేచి నిలబడింది. "మా అయ్య! బీబమ్మా, అది మా అయ్యే!"

"నజీర్ అహ్మద్. గుణం: అక్షరాలు ముత్యాలు. ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళడు. తలుపు మూసేటప్పుడు రోజూ వెతికి పంపాలి."

"మా మామగారు" అంది జన్నత్ బీ. చెవిటి అత్తగారి చెవిలో అరిచి చెప్పింది. ముసలామె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"దొరబాబు. గుణం: రెండో ఎక్కం దగ్గర మూడేళ్ళు ఉన్నాడు. ఎవరు పడ్డా ముందు తనే లేపుతాడు."

"కాశమ్మ. మా బళ్ళో మొదటి ఆడపిల్ల. గుణం: మాస్టారికి తప్పులు చెప్తుంది. తొంభై పాళ్ళు తనదే ఒప్పు."

ఇలా అరవై పేర్ల దాకా చదివాను. చదివిన ప్రతి పేరుకీ అరుగు మీద ఎవరో ఒకరు ఉలిక్కిపడ్డారు. జిలేబీలు ఈగలు తిన్నాయి. అబ్బా చేతిరాత దగ్గర ఒకటి రెండు చోట్ల నాకు కళ్ళు మసకేస్తే షహజాది అందుకుంది. తను కలపకుండా చదివింది. అది గొప్ప సంగతి.

మూసేశాక అప్పాయమ్మ గొంతు తగ్గించి అడిగింది. "అయితే బీబమ్మా, నువ్వు సలాం పెడతన్నది ఈల్లకేనేటి?"

లేదు, అది మా ఆచారం, అని శనివారం ఇరవయ్యారు ఇళ్ళల్లో చెప్పాను. చెప్తే ఏమైందో కూడా చూశాను.

"ఈ పేర్లున్నవాళ్ళు తప్ప బళ్ళో ఇంకెవరూ లేరు" అన్నాను.

పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి, రిజిస్టరు బళ్ళో ఉంది. ఇందులో అబద్ధమెక్కడ?

అప్పాయమ్మ నడుం మీద చేతులేసుకుంది. "మా అయ్యకి నాను బయపడాలేటి? ఆడు బతికున్నన్నాళ్ళూ నాకే బయపడీవోడు! పదవే పాపా, తాత దగ్గర కూకుందువు గాని!" మనవరాలిని ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

జన్నత్ బీ అంది, "మా మామగారు బతికుండగా ఇంట్లో ఉన్నదెప్పుడు? ఎక్కడికి పోయుంటారా అనుకుంటా. ఇదిగో, ఇక్కడే."

15 ఫిబ్రవరి

ఇరవయ్యేడుగురూ వచ్చారు. పైన నలుగురు కొత్తవాళ్ళు. పెద్ద బడి మాన్పించి మరీ తెచ్చారు, అక్కడ తమవాళ్ళెవరూ లేరట.

18 ఫిబ్రవరి

సూర్యకాంతమ్మ టీచరు తల పట్టుకుంది. కిటికీ పక్కన ఎవరి తాత కూర్చుంటాడని తల్లులు తగువుపడ్డారు. ఒకామె వాళ్ళ తాతకని చేపల పులుసు గిన్నె తెచ్చి బీరువాలో పెట్టింది. పిల్లలు ఇంకా అన్యాయం. లెక్క తప్పైతే, "నాను ఒప్పే ఏసాను టీచరమ్మా, మా తాతే సెరిపేసాడు" అంటున్నారట. ఏమనగలదు? రెండో ఎక్కం దగ్గర మూడేళ్ళున్న తాతైతే చెరిపినా చెరుపుతాడు.

22 ఫిబ్రవరి, సోమవారం

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. సన్నగా, పెద్ద సంచితో. నేను వరండాలో మంచినీళ్ళ కుండ దగ్గర ఉన్నాను. బాషా కూడా వచ్చి రోడ్డవతల నిలబడ్డాడు.

ముప్పై ఒకటి లెక్కపెట్టారు. నమ్మక మళ్ళీ లెక్కపెట్టారు. కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చోబోయేసరికి క్లాసంతా ఒక్కసారిగా అరిచింది.

"సార్! అక్కడున్నారు సార్!"

ఆయన సగం వంగినవారు అలాగే లేచారు. "ఎవరున్నారు?"

టీచరు సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "పూర్వ విద్యార్థులండీ" అంది.

ఆవిడ మంచి టీచరు. నిలబడే రాసుకున్నారు ఆయన. వెళ్ళేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. బడి ఉంటుంది, కానీ ఈ భవనం పదేళ్ళు బడికే వదిలినట్టు యజమాని సంతకం చెయ్యాలి. మార్చి అయిదుకి ఆఫీసులో ఉండాలి. లేకపోతే ముప్పై ఒకరైనా మూడొందలమందైనా పెద్ద బళ్ళోకే.

రోడ్డవతలికి చూశాను. బాషా లేడు.

25 ఫిబ్రవరి

కాగితం బాషా టీ కప్పు పక్కన పెట్టాను. టీ తాగి వెళ్ళాడు.

27 ఫిబ్రవరి

పెట్టాను. వెళ్ళాడు.

1 మార్చి

బాషాని ఊళ్ళో ఎవరూ వదలడం లేదు. దుకాణానికి తాడు కొనడానికి వచ్చిన జాలరి, "మా తాతని ఎక్కడికి పంపుతావు బావా? లాడ్జిలో గదిత్తావేటి?" అని అడిగాడట. మసీదు దగ్గర జన్నత్ బీ మొగుడు సలాం చెప్పి, తండ్రి క్షేమం అడిగాడట. పోయిన తన తండ్రి క్షేమం, బాషాని.

3 మార్చి, బుధవారం

సాయంత్రం నేను బడి ఊడుస్తుంటే బాషా వచ్చాడు. మెట్టు మీదే ఆగాడు. చేతిలో కాగితం.

"ఆపా. ఆ రిజిస్టర్లో అబ్బా పేరుందా?"

"ప్రతి పేజీ అడుగునా సంతకం ఉంది."

చాలాసేపు దూలాల వంక చూశాడు. గాలి మళ్ళింది. దూలాలు మూలిగాయి. వాడు టోపీ సర్దుకున్నాడు, చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు. యాభయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి.

"అబ్బా కూడా ఉన్నారా లోపల?"

ఇక చెప్పకపోతే నా నమాజ్‌కి అర్థం లేదనిపించింది. చీపురు పక్కన పెట్టాను.

"లేరు బాషా. ఎవరూ లేరు. అంతా నేనే చేశాను. గవర్రాజు భయపడుతున్నాడని తెలిసి ఊరుకున్నాను. గురువారం రోజు మాటలు కూడా కావాలనే అలా అన్నాను. లాడ్జి కట్టకూడదని. నీకు అన్యాయం చేశాను."

మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. చెప్పు కడగడంతో సహా.

బాషా కదలకుండా విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాను బయపడతానని ఇలా అంటన్నావు గదా ఆపా. చిన్నప్పుడూ అంతే. పిడుగు పడితే, పిడుగు లేదు గిడుగు లేదు, ఎవులో పీపా దొర్లించారనేదానివి."

"బాషా, ఇది నిజం."

"సరే ఆపా. లేరు. ఎవులూ లేరు." లోపలికి వినపడేటట్టు గొంతు పెంచాడు. "నాను సంతకం పెట్టేత్తన్నాను. పదేళ్ళు. లాడ్జి ఇంకెక్కడైనా కట్టుకుంటాను. నాకెవరి మీదా కోపం లేదు."

కాగితం గడప మీద పెట్టి, గడప దాటకుండా వంగి, సంతకం చేశాడు. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి. అక్షరాలు గుండ్రంగా, అచ్చం కాపీ పుస్తకంలో వేసినట్టు వేశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. వీపు చూపించకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి, అప్పుడు తిరిగి వెళ్ళాడు.

నిజం చెప్పాను. వాడు నమ్మకపోతే అది నా పాపమా? ఒక్కసారి చెప్తే సరిపోదేమో. ఇంకోసారి నిదానంగా చెప్పాలి. రేపు గురువారం, పనుంటుంది. ఎల్లుండి శుక్రవారం మంచి రోజు. టీచరమ్మ కాగితం ఆఫీసులో ఇచ్చేదీ ఎల్లుండే. ఇచ్చేసి పన్నెండు గంటల బస్సుకి వస్తానంది.

పన్నెండున్నరకి చెప్తాను.